రేవు నుంచి రేవుకు: పాఠకుల ప్రశ్నలు, ఒక నావికుని సమాధానాలు

ఉద్యోగ జీవితమంతా సరకు రవాణా ఓడల మీద గడిపి, కెప్టెన్‌గా పదవీ విరమణ చేసి, ప్రస్తుతం విశాఖపట్నంలో స్థిరపడిన ఒక నావికుడు పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలు ఇవి.

ప్రశ్న: అయ్యా, నేను భూగోళశాస్త్రం బోధించే ఉపాధ్యాయుణ్ని. సూయజ్, పనామా కాలువల గురించి చెప్పేటప్పుడు పుస్తకంలోని పొడవు, వెడల్పులకు మించి పిల్లలకు ఏమీ చెప్పలేకపోతున్నాను. రెండింటినీ ఓడ మీద దాటిన మీకు వాటిలో ఏ తేడా కనిపించింది? (ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ)

సమాధానం: సూయజ్ సముద్రమట్టంలోనే సాగిపోయే కాలువ, పనామా కొండ ఎక్కి దిగే కాలువ. పిల్లలకు మొదట ఈ తేడా చెప్పండి, మిగిలినవన్నీ దాని నుంచే అర్థమవుతాయి.

మధ్యధరా సముద్రానికీ ఎర్ర సముద్రానికీ నీటిమట్టంలో చెప్పుకోదగిన వ్యత్యాసం లేదు కనుక, 1869లో ప్రారంభమై ఇప్పుడు 193 కిలోమీటర్ల పొడవున్న సూయజ్‌లో ఒక్క లాకు (ఓడను పైకి లేపే, కిందికి దించే తలుపుల గది) కూడా కట్టవలసిన అవసరం రాలేదు. ఓడలు ముందుగానే వచ్చి లంగరు వేసి, వరుసలో తమకు కేటాయించే స్థానం కోసం ఎదురుచూస్తాయి. దారి చూపే స్థానిక నావికుడు, అంటే పైలట్, ఎక్కిన తరువాత 12 నుంచి 16 గంటలపాటు ఒకదాని వెనుక ఒకటిగా నెమ్మదిగా సాగుతాయి. పడమటి ఒడ్డున మంచినీటి కాలువ పారే మేర పొలాలు, ఖర్జూరపు చెట్లు కనిపిస్తాయి, తూర్పు ఒడ్డున సినాయ్ ఇసుక తప్ప మరేమీ ఉండదు. అవసరం పడితే ఓడను ఒడ్డుకు కట్టడానికి ఈజిప్టు పడవవాళ్లు తమ చిన్న పడవలతో సహా మా ఓడ ఎక్కేవారు. పని లేనంతసేపూ డెక్కు మీదే గుడ్డ పరిచి పాపిరస్ బొమ్మలు అమ్ముకునే ఆ మనుషులతో కూర్చుని టీ తాగిన వేళల్లో, ఈజిప్టు గురించి ఏ పుస్తకంలోనూ దొరకని సంగతులు నేను తెలుసుకున్నాను.

దారి మధ్యలో వచ్చే గ్రేట్ బిట్టర్ సరస్సు కథ మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి. 1967 అరబ్–ఇజ్రాయెల్ యుద్ధంలో కాలువ హఠాత్తుగా మూతపడినప్పుడు అందులో ప్రయాణిస్తున్న 15 ఓడలు చిక్కుకుపోయాయి. వాటిలో 14 ఈ సరస్సులోనే ఉండిపోయాయి. కాలువ తిరిగి తెరుచుకున్నది 1975లో. బ్రిటన్, పశ్చిమ జర్మనీ, పోలండ్, అమెరికా, బల్గేరియా వంటి దేశాల జెండాలు కట్టిన ఆ ఓడల సిబ్బంది, తమ ప్రభుత్వాల మధ్య ఎంత వైరం ఉన్నా, ఒక సంఘంగా ఏర్పడి ఆహారమూ పనిముట్లూ పంచుకున్నారు, 1968లో తమకోసం ఒలింపిక్ పోటీలు జరుపుకున్నారు, సొంత తపాలా బిళ్లలు కూడా ముద్రించుకున్నారు. నావికుల లోకం ఎలాంటిదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇక పనామా. ధవళేశ్వరం, విజ్జేశ్వరం లాకులు చూసినవారికి దీన్ని వివరించడం కష్టం కాదు. పడవ లోపలికి వచ్చాక తలుపులు మూయడం, నీరు నింపి పైకి లేపడం, ముందు తలుపులు తెరవడం, సూత్రం అదే. 1914లో ప్రారంభమైన ఆ కాలువలో ఓడను కరీబియన్ వైపున గటూన్ లాకులు మూడు మెట్లలో 26 మీటర్ల ఎత్తుకు లేపుతాయి. అక్కడ చాగ్రెస్ నదికి ఆనకట్ట కట్టి సృష్టించిన గటూన్ సరస్సు ఉంది. ఒకప్పటి కొండల శిఖరాలు ఇప్పుడు అందులో దీవులుగా నిలిచి ఉన్నాయి. సరస్సు దాటి, కొండను చీల్చి తవ్విన కులెబ్రా కోత గుండా సాగి, పెడ్రో మిగ్వెల్, మిరాఫ్లోరెస్ లాకుల మీదుగా పసిఫిక్‌లోకి దిగుతాము. పాత లాకుల వెడల్పు 33.5 మీటర్లు, వాటిలో పట్టే అతి పెద్ద ఓడ వెడల్పు 32.3 మీటర్లు. అంటే కాంక్రీటు గోడకూ ఓడకూ మధ్య ఇరువైపులా మిగిలేది దాదాపు 60 సెంటీమీటర్లు. గోడల మీద పట్టాలపై నడిచే విద్యుత్ ఇంజన్లు ఉక్కు తాళ్లతో ఓడను మధ్యలో నిలబెడుతూ ఉండగా బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద నిలుచున్న ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. మరొక విశేషం కూడా ఉంది. ఇతర రేవుల్లో పైలట్ సలహాదారు, బాధ్యత కెప్టెన్‌దే. పనామాలో మాత్రం ఓడ నడిపే అధికారాన్ని పైలట్ తన చేతిలోకి తీసుకుంటాడు.

ఈ లాకుల్లోకి నీటిని తోడే పంపులు లేవు. సరస్సులోని మంచినీరు వాలుకు దిగివచ్చి నింపుతుంది, ఓడ దాటిన తరువాత సముద్రంలో కలిసిపోతుంది. ఒక్క ఓడ దాటడానికి సుమారు 20 కోట్ల లీటర్లు ఖర్చవుతాయి. అందుకే 2023లో వానలు ముఖం చాటేసినప్పుడు, మామూలుగా రోజుకు 36 ఓడల వరకు పంపే కాలువ ఒక దశలో 22కే పరిమితమైంది. అడవిలో వాన పడకపోతే ప్రపంచ వాణిజ్యమే ఆగుతుందన్న మాట పిల్లలకు ఈ ఉదాహరణతో బాగా అర్థమవుతుంది.

రెండు కాలువల గురించీ మాట్లాడేటప్పుడు ఇంజనీర్ల పేర్లతో ఆపవద్దని నా మనవి. సూయజ్ తవ్వకానికి తొలి సంవత్సరాల్లో ఈజిప్టు రైతులను వెట్టికి తరలించారు. పనామాలో అమెరికా నిర్మాణ కాలంలోనే 5,609 మంది మరణించినట్లు లెక్క ఉంది. బార్బడోస్ తదితర కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతి కూలీలకు వెండి నాణేల్లో, తెల్లవారికి బంగారు నాణేల్లో జీతాలిచ్చి, వసతినీ భోజనశాలలనూ కూడా ఆ ప్రకారమే విడదీశారు. ఒక దేశాన్ని చూశామని చెప్పాలంటే అక్కడ ఎవరు ఏ పని చేశారో, ఏ కూలికి చేశారో తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. నా ప్రయాణాలన్నిటి నుంచీ నాలో నిలిచిన నమ్మకం ఇదే.

ప్రశ్న: అంతర్జాతీయ దినరేఖ దాటితే ఒక రోజు పోతుందంటారు. నిజమేనా? (ఒక విద్యార్థిని, అనకాపల్లి)

సమాధానం: అమెరికా నుంచి ఆసియాకు, అంటే పడమరకు, వెళ్లేటప్పుడు క్యాలెండరులో ఒక తేదీ పోతుంది. జపాన్ నుంచి అమెరికాకు వెళ్లేటప్పుడు ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది. దారి పొడవునా ఓడ గడియారాలను కొద్దికొద్దిగా మార్చుకుంటూ వచ్చిన గంటలన్నిటినీ అక్కడ సరిచేస్తామన్నమాట. ఈ రేఖ ప్రకృతి గీసినది కాదు, దేశాలు తమ సౌకర్యాన్ని బట్టి జరుపుకోవచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారానికి అనువుగా ఉండాలని సమోవా దేశం రేఖకు పడమటి వైపుకు మారినప్పుడు, ఆ దేశ ప్రజలకు 2011 డిసెంబర్ 30 అనే రోజే రాలేదు.

ప్రశ్న: ఇన్ని రేవులు చూశారు కదా, వాటిలో మన విశాఖను బాగా గుర్తుకు తెచ్చిన రేవు ఏది? (ఒక పాఠకుడు, పాతనగరం)

సమాధానం: కొండలూ సముద్రమూ కలిసిన రేవులు చాలా ఉన్నాయి, కానీ నా మనసులో విశాఖ పక్కన నిలిచినది ఉత్తర నార్వేలోని నార్విక్. ఆర్కిటిక్ వృత్తానికి పైన ఉన్నా, అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల ఆ రేవు చలికాలంలోనూ గడ్డకట్టదు. స్వీడన్‌లోని కిరునా గనుల ఇనుప ఖనిజం కొండలు దాటి రైలులో అక్కడికి వచ్చి ఓడలకెక్కుతుంది. బస్తర్‌లోని బైలదిల్లా గనుల ఖనిజం అనంతగిరి సొరంగాల మీదుగా కిరండోల్ నుంచి మన రేవుకు వచ్చే తీరు తెలిసిన నాకు, ఆ బండ్లు లోయలోకి దిగుతుంటే కొత్త చోటు చూస్తున్నట్టు అనిపించలేదు. జపాన్‌కు ఖనిజం ఎగుమతి చేసే ఒప్పందమే మన కొత్తవలస–కిరండోల్ మార్గానికి కారణం. పెద్ద ఓడల కోసం 1976లో వెలుపలి హార్బరు ఏర్పడడానికి కూడా ఆ ఖనిజమే ప్రధాన కారణం.

తేడా రంగులో ఉంది. కిరునా ఖనిజం మాగ్నెటైట్, నల్లగా ఉంటుంది. మనది హెమటైట్, ఆరేసిన బట్టల మీద దాని ఎర్ర ధూళిని పాతనగరంలోని మీరు నాకంటే బాగా ఎరుగుదురు. నార్విక్‌లో నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు, వేసవిలో కొన్ని వారాలు అస్తమించడు. అర్ధరాత్రి ఎండలో లోడింగ్ పని చూసుకుంటూ, ఇదే వేళకు మన రేవులోని క్రేన్ల కింద ఎందరు రాత్రి షిఫ్టు చేస్తున్నారో అని నేను తరచూ అనుకునేవాణ్ని. కిరునాలో గని లోతుకు పోయినకొద్దీ పైన నేల కుంగుతున్నందున పట్టణాన్నే వేరే చోటికి తరలిస్తున్నారు. 1912 నాటి చెక్క చర్చిని 2025 ఆగస్టులో విప్పకుండా, మొత్తంగా, చక్రాల వాహనాల మీద దాదాపు 5 కిలోమీటర్లు జరిపారు. ఖనిజాన్ని ఓడకెక్కించే మనకు, అది ఎక్కడి నేల నుంచి వచ్చిందో, అక్కడివారి బతుకు ఏమైందో పట్టింపు ఉండాలి. బస్తర్ విషయంలోనూ నేను ఈ మాటే అంటాను.

ప్రశ్న: విదేశీ రేవుల్లో తెలుగువారు ఎదురైన సందర్భాలు చెప్పండి. (ఒక పాఠకురాలు, భీమునిపట్నం)

సమాధానం: ఉద్యోగాల కోసం ఈ మధ్య వెళ్లినవారు అన్ని చోట్లా ఉన్నారు, నేను చెప్పదలచినది అంతకుముందు వెళ్లినవారి గురించి. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ అనే చోటు ఉంది. 1834 నుంచి చెరకు తోటల ఒప్పంద కూలీలు ఓడ దిగి ఎక్కిన 16 రాతి మెట్లు అక్కడ నేటికీ ఉన్నాయి. 2006లో దానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. వారిలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవారూ ఉన్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. ఆ రేవులో సరకు లెక్కలు చూసే ఒక పెద్దాయన, నేను విశాఖవాణ్నని తెలిసి, ఇంటికి తీసుకెళ్లారు. ఆయనకు తెలుగులో మాట్లాడడం రాదు, రామభజన కీర్తనలు మాత్రం పదం పొల్లుపోకుండా పాడారు. దర్బన్‌కు మద్రాసు నుంచి మొదటి కూలీల ఓడ 1860 నవంబర్ 16న చేరింది. ఆ ఓడల జాబితాల్లో ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, జిల్లా రాసి ఉంటాయి. మీ ఇంట్లో అలా వెళ్లి తిరిగిరాని పూర్వికుని ప్రస్తావన ఉంటే వాటిని వెతకండి. భీమిలి తీరం వారికి ఈ పని మరింత అవసరమని నా అభిప్రాయం.

ప్రశ్న: మా అబ్బాయి మర్చంట్ నేవీలో చేరతానంటున్నాడు. ఓడలో చోటు ఇప్పిస్తామని ఒక ఏజెంటు కొన్ని లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చునా? (ఒక తల్లి, గాజువాక)

సమాధానం: అమ్మా, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నావికుని నుంచి ఉద్యోగానికి రుసుము తీసుకోవడం మన దేశ నిబంధనలకూ, 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికకూ విరుద్ధం. ఓడలకు మనుషులను పంపే సంస్థకు కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగమైన డీజీ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు ఉండాలి. దాన్ని ఆర్‌పీఎస్‌ఎల్ (నియామక సేవల లైసెన్సు) అంటారు. ఆ నంబరు అడిగి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో సరిచూడండి. నంబరు చెప్పడానికి వెనకాడేవాడితో ఇక మాట అనవసరం. లైసెన్సు లేనివారి ద్వారా వెళ్లి, జీతం లేకుండా, పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి, పరాయి రేవుల్లో నెలల తరబడి మగ్గిన మన ప్రాంతపు పిల్లలను నేను కళ్లారా చూశాను.

సరైన దారి ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయడం. దానికి మన విశాఖలోనూ ప్రాంగణం ఉంది, అక్కడ ప్రధానంగా నౌకా నిర్మాణ శాస్త్రం బోధిస్తారు. ఓడ మీద ఉద్యోగానికి నాటికల్ సైన్స్ లేదా మెరైన్ ఇంజనీరింగ్ కోర్సు ఎంచుకోవాలి. చేరే ముందు, ఆ కోర్సుకు డీజీ షిప్పింగ్ ఆమోదం ఉందో లేదో అబ్బాయినే స్వయంగా చూసుకోమనండి. ఓడ ఎక్కే రోజున ఒప్పంద పత్రం నకలు, ఓడ పేరు, దాని ఐఎంఓ నంబరు (ప్రతి ఓడకూ ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) మీ దగ్గర ఉంచుకోండి. అబ్బాయి నుంచి కబురు రాని పరిస్థితి ఏర్పడితే, అధికారులు మిమ్మల్ని మొదట అడిగేది వాటినే.