లైప్జిగ్‌కు వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పత్రిక డెస్కులో వార్తలు దిద్దే ఉద్యోగం వదిలి పత్రికలపై పరిశోధనకు జర్మనీలోని లైప్జిగ్ వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. కానీ ఉత్తరంలో ‘తొమ్మిదేళ్ళు వృథా అయ్యాయి’ అని రాశావే, ఆ మాట నాకు నచ్చలేదు. నీవు వెళ్తున్న ఊళ్ళోనే ఈ చదువుకు పునాది వేసిన కార్ల్ బ్యూషర్ ఏం చేశాడో ముందు తెలుసుకో.

1847లో పుట్టిన బ్యూషర్ కొంతకాలం బడిపంతులుగా పనిచేసి, 1878లో ఫ్రాంక్‌ఫుర్టర్ త్సైటుంగ్ పత్రికలో ఆర్థిక, సామాజిక విషయాలు చూసే సంపాదకుడిగా చేరాడు. అక్కడ ఉన్నది రెండేళ్ళే. ఆ తర్వాత డోర్పాట్, బాసెల్, కార్ల్స్‌రూహ్ ఊళ్ళలో పాఠాలు చెబుతూ 1892లో లైప్జిగ్ విశ్వవిద్యాలయానికి చేరి, ఆర్థికశాస్త్ర ఆచార్యుడిగా పేరు తెచ్చుకున్నాడు. అయినా ఆ రెండేళ్ళు ఆయన్ని వదల్లేదు. 1884లోనే బాసెల్ విద్యార్థులకు పత్రికలను గురించి పాఠాలు చెప్పాడు. పత్రిక అనేది ప్రకటనల స్థలాన్ని సరుకుగా తయారుచేసే వ్యాపారమని, పక్కన వార్తలు ఉంటేనే ఆ సరుకు అమ్ముడవుతుందని ఆయన తేల్చాడు. రాత్రి పదిన్నరకు అరపేజీ యాడ్ వచ్చిందని, కష్టపడి దిద్దిన వార్తను నీ చేత్తో నీవే తీసేసిన రోజులు గుర్తున్నాయి కదా! ఆ సూత్రం నీకు ఒంటికి పట్టినంతగా గ్రంథాలయంలో మాత్రమే చదువుకున్నవాడికి పట్టదు. కాబట్టి పరిశోధనాంశాన్ని సిద్ధాంతాల పుస్తకాల్లో వెతకవద్దు. డెస్కులో నిన్ను వేధించి, జవాబు దొరకని ప్రశ్న ఏదో ఒకటి ఉంటుంది, దానితో మొదలుపెట్టు.

వయసు మీద పడుతోందని కూడా బాధపడ్డావు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ పత్రికల తీరును బ్యూషర్ విమర్శించాడు. జర్నలిస్టులకు సరైన శిక్షణ కావాలని 1916లో లైప్జిగ్‌లో పత్రికాధ్యయన సంస్థను, జర్మనీలో అలాంటి వాటిలో మొదటిదాన్ని, స్థాపించేనాటికి ఆయనకు అరవైతొమ్మిదేళ్ళు. నీకు ముప్పైరెండు!

జర్మన్ మాట్లాడడం ఒక్కటే చాలదు. పాత పత్రికల్లోని ఫ్రాక్టూర్ అచ్చు, అంటే కోణాలు తేలిన పాతకాలపు జర్మన్ అక్షరాలు, చదవడం ఇక్కడే సాధన చేసి వెళ్ళు. 1650లో ప్రపంచంలో తొలి దినపత్రికగా చెప్పే ‘ఐన్‌కొమెండె త్సైటుంగెన్’ వెలువడింది ఆ ఊళ్ళోనే. పత్రికలపై తొలి డాక్టరేట్ వ్యాసం 1690లో టోబియాస్ పాయ్‌సర్ సమర్పించిందీ అక్కడే, అయితే లాటిన్‌లో. దానికి అనువాదాలున్నాయి, భయపడకు.

ఇంకొక సంగతి. ఏం రాస్తున్నామన్న జాగ్రత్త పరిశోధకుడికి మరీ ముఖ్యం. తమ అభిప్రాయం కొద్దిమందిదే అనుకున్నవాళ్ళు నోరు విప్పరనే ‘మౌన వలయం’ సిద్ధాంతంతో ప్రపంచ ఖ్యాతి పొంది, మైంజ్ విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి విభాగాన్ని నెలకొల్పిన ఎలిజబెత్ నోయెల్లె-నోయిమన్‌ను, యువతిగా నాజీ వారపత్రిక ‘దాస్ రైష్’లో రాసిన రాతలపై అమెరికా పండితులు 1990లలో నిలదీశారు. అప్పటికి ఆమె డెబ్బైల్లో ఉంది. ఆమె సిద్ధాంతాన్ని శ్రద్ధగా చదువు, ఆ వివాదాన్నీ పక్కన పెట్టుకుని చదువు.

చివరగా సామాను విషయం. మీ అమ్మ సర్దుతున్న ఊరగాయ జాడీల్లో ఒకటి తగ్గించమని చెప్పి, ఆ ఖాళీలో నీ డెస్కు డైరీలు పెట్టుకో.

మీ మామయ్య