తలుపు కోసం గొలుసు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. కింద స్టిల్ట్ పార్కింగ్, లిఫ్ట్ దగ్గర చిన్న హాలు. అక్కడ సెన్సర్‌తో తెరుచుకునే గాజు తలుపులు పెట్టాలని అసోసియేషన్ నిర్ణయించింది. దొంగల భయం ఉండదు, కరెంటూ ఆదా అవుతుంది అంటున్నారు. మొత్తం 10.8 లక్షలు, మా వాటా 45,000. నా జీతం చేతికి 52,000 వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 18,000, ఇంటి ఖర్చు 22,000, పిల్లల ఫీజులు నెలకు 5,000, చీటీ 5,000. ఎఫ్‌డీ 1,10,000 ఉంది. ఆఫీసు వాళ్లిచ్చే 3 లక్షల ఆరోగ్య బీమా తప్ప వేరే పాలసీ లేదు. నా భార్య థైరాయిడ్ మందులు వాడుతోంది. ఎఫ్‌డీ కదపకుండా ఆమె గొలుసు మీద గోల్డ్ లోన్ తీసుకోవాలా, క్రెడిట్ కార్డులో నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. అందరూ ఇస్తున్నారు, మనం ఇవ్వకపోతే బాగుండదని అప్పు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే మీ ఉత్తరానికి కాస్త గట్టిగానే జవాబు రాస్తున్నాను.

ఖర్చులన్నీ పోను మీకు మిగిలేది నెలకు 2,000. గోల్డ్ లోన్‌కు నెలకు ఒక శాతం వడ్డీ అనుకున్నా, ఆ రెండు వేలూ దానికే కడుతూ పోతే తీరడానికి రెండేళ్లు దాటుతుంది. కార్డులో తొమ్మిది నెలల ఈఎంఐ అంటే నెలకు 5,000. అది ఎక్కడినుంచి తెస్తారు? ఒక్క నెల బిల్లు తప్పితే నెలకు 3 శాతం పైనే వడ్డీ పడుతుంది. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉండనే ఉంటాయి.

వడ్డీ కంటే నాకు భయమేసేది వేరే. అర్ధరాత్రి ఎవరికైనా సీరియస్ అయి చెన్నై తీసుకెళ్లాల్సి వస్తే, ఎఫ్‌డీ చాలనప్పుడు మీ చేతిలో మిగిలే ఆధారం ఆ గొలుసే. తలుపు కోసం దాన్ని తాకట్టు పెడితే ఆ రోజు ఏం పెడతారు? మీ నెల ఖర్చు, చీటీ కాకుండా 45,000. ఆరు నెలలకు 2,70,000 పక్కన ఉండాలి. ఉన్నది అందులో సగం కూడా కాదు. 2021 నవంబరులో పెన్నా వరద కాలనీల్లోకి వచ్చినప్పుడు ఇల్లు వదిలి వెళ్లాల్సినవాళ్లకు అక్కరకొచ్చింది చేతిలో డబ్బే. చీటీ ఇప్పుడే పాడకండి, చివర్లో వచ్చే మొత్తాన్ని నేరుగా ఈ నిధిలో వేయండి.

ఇక ఆ తలుపు సంగతి. హాల్లో ఏసీ నడుస్తుంటే, మనిషి వెళ్లగానే మూసుకునే తలుపు చల్లదనాన్ని బయటికి పోనివ్వదు, అందుకే కరెంటు ఆదా. పార్కింగ్ పక్కన ఏసీ లేని హాల్లో ఆదా కావడానికి ఏమీ లేదు, మోటారు, సెన్సర్లు వాడుకునే కరెంటు అదనం. భద్రత అంటారా, సెన్సర్ ఒక్కటే ఉంటే ఎవరొచ్చినా తెరుచుకుంటుంది. కాపలా కాసేది కార్డో వేలిముద్రో అడిగే లాక్. దాన్ని డోర్ క్లోజర్ ఉన్న మామూలు తలుపుకూ పెట్టుకోవచ్చు. ఫ్లాటుకు నెలకు 500 వేసుకుంటే ఏడాదికి 1,44,000 పోగవుతుంది. ఈ పనిని దాంతో మొదలుపెట్టమనండి. గాజు తలుపే కావాలంటే ఏటా ఏఎంసీ (నిర్వహణ ఒప్పందం) ఖర్చు ఎంత, కరెంటు పోయినప్పుడు, మంటలు రేగినప్పుడు లోపలినుంచి చేత్తో తెరవొచ్చా అన్నవి రాతపూర్వకంగా అడగండి. కరెంటు బిల్లే బాధైతే, కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద అపార్ట్‌మెంట్ ఉమ్మడి అవసరాల సోలార్‌కు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది.

మీటింగులో "ఒకేసారి ఇవ్వలేను, నెలవారీగా అయితే ఇస్తాను" అని చెప్పండి. మీలాంటివాళ్లు ఇంకా ఉంటారు.

ఈ నెలలోనే సొంతంగా ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) పాలసీ తీసుకోండి, కనీసం 10 లక్షలకు. ఉద్యోగం పోతే ఆఫీసు బీమా కూడా పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. ప్రీమియం కోసం ఎఫ్‌డీలోంచి కొంత తీసినా నేను తప్పనను. అంతకుముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్, అంటే వాటికి క్లెయిమ్ రాని కాలం, గరిష్ఠంగా మూడేళ్లు. ఆ లెక్క పాలసీ మొదలైన రోజు నుంచే నడుస్తుంది. ప్రపోజల్ ఫారంలో మీ శ్రీమతి థైరాయిడ్ సంగతి, వాడుతున్న మందు పేరుతో సహా రాయండి. ఏజెంట్ వద్దన్నా సరే.