వజ్రం గుర్తు కనిపిస్తే డబ్బు కట్టాల్సిందేనా?

ప్రశ్న: మాది గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. సరుకు లెక్కలన్నీ ఆఫీసులో ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. గేటు దగ్గర, చాంబర్ల దగ్గర ఉండే 32 మంది ఫోన్లో లాట్ నంబర్ కొడితే ఎన్ని టిక్కీలు (బస్తాలు) ఉన్నాయో కనిపించేలా, యాప్‌లు తయారుచేసుకునే మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్‌లో యాప్ చేశాను. ట్రయల్ మీద నాకు బాగానే నడిచింది, మిగతావాళ్లు తెరిస్తే ప్రీమియం లైసెన్స్ అడుగుతోంది. అందరికీ మైక్రోసాఫ్ట్ 365 ఉంది కదా! ఫ్లో (పవర్ ఆటోమేట్‌లో తనంతట తాను నడిచే పనుల వరస) ద్వారా డేటా తెప్పిస్తే లైసెన్స్ అక్కర్లేదని ఒకాయన అంటున్నాడు, నిజమేనా?

జవాబు: కాదండీ. 365తో వచ్చే పవర్ యాప్స్‌లో షేర్‌పాయింట్, ఎక్సెల్, అవుట్‌లుక్ లాంటి స్టాండర్డ్ కనెక్టర్లే (యాప్‌ను డేటాకు కలిపే వంతెనలు) వాడుకోవాలి. ఎస్‌క్యూఎల్ కూడా 2019 అక్టోబర్ దాకా వాటిలోనే ఉండేది, తర్వాత ప్రీమియంలోకి మార్చారు, అందుకే పాత వీడియోలు చూసి మొదలుపెట్టినవాళ్లు సరిగ్గా మీరున్న చోటే ఆగిపోతుంటారు. కనెక్టర్ పక్కన చిన్న వజ్రం గుర్తు ఉంటే అది ప్రీమియం. మనమే తయారుచేసుకునే కస్టమ్ కనెక్టర్‌కీ, వెబ్‌లో వేరే సేవను పిలవడానికి ఫ్లోలో ఉండే హెచ్‌టీటీపీ యాక్షన్‌కీ కూడా ఆ గుర్తే. ఒక్క లైసెన్స్ కొని, ఆ ఒక్క ఖాతా మీద ఫ్లో నడిపి, దాని వెనక 32 మందీ వాడుకోవడాన్ని మల్టీప్లెక్సింగ్ అంటారు. అలా తిప్పినంత మాత్రాన కావాల్సిన లైసెన్సులు తగ్గవని మైక్రోసాఫ్ట్ లైసెన్సింగ్ గైడ్‌లో సూటిగానే ఉంది.

అమెరికా ధర చూసినా మనిషికి నెలకు 20 డాలర్లు, అంటే మీకు 640. టిక్కీలు లెక్క చూసుకోవడానికి ఇది దండగ.

అసలు మీవాళ్లకు డేటాబేస్ మొత్తం ఎందుకు? లాట్ నంబర్, రైతు పేరు, చాంబర్, మిగిలిన టిక్కీలు, ఈ నాలుగు కాలమ్‌లు చాలు. వాటిని షేర్‌పాయింట్ లిస్ట్‌లో (ఆన్‌లైన్ పట్టికలో) పెట్టి యాప్‌ను దానికి కలపండి. ఎస్‌క్యూఎల్ నుంచి లిస్ట్‌లోకి దింపే పని ఆఫీసు కంప్యూటర్‌లోనే ఒక పవర్‌షెల్ స్క్రిప్ట్‌కి (విండోస్‌లో నడిచే చిన్న ప్రోగ్రాంకి) అప్పగించి, టైమ్ ప్రకారం పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్‌తో పావుగంటకోసారి నడపండి. ప్రతిసారీ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించొద్దు, మారిన వరసలే పంపండి, లేకపోతే నత్తనడకే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి క్లయింట్ లైసెన్సులు (వాడే మనిషికో, పరికరానికో తీసుకునేవి) కొని ఉంటే వాటి షరతులు విడిగా చూసుకోవాలి.

ఇందులో ఒక టెన్షన్ మాత్రం ఉంది. లిస్ట్‌లో కనిపించేది పావుగంట పాత లెక్క. సీజన్‌లో ఒకే లాట్‌ను ఇద్దరు గుమాస్తాలు రెండు లారీలకు రాసేస్తే గొడవే. కాబట్టి డెలివరీ రాసే ఇద్దరు ముగ్గురికి ప్రీమియం కొని, ఎస్‌క్యూఎల్‌కి నేరుగా కలిసే వేరే యాప్ ఇవ్వండి, చూసుకునేవాళ్లకు లిస్ట్ చాలు. లినక్స్, డాకర్ తెలిసిన కుర్రాడు మీ దగ్గర ఉంటే ఇలాంటి యాప్‌లే చేసుకునే యాప్‌స్మిత్ కమ్యూనిటీ ఎడిషన్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు, ఉచితమే, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి నేరుగా కలుస్తుంది. అయితే అప్‌డేట్లు, బ్యాకప్‌లు మీ నెత్తినే. ఆ కుర్రాడు ఉద్యోగం మారితే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి.

ప్రశ్న: మేము లిస్ట్‌తోనే యాప్ చేసుకున్నాం. లిస్ట్‌లో ఉన్న లాట్లే కొన్ని యాప్‌లో వెతికితే దొరకట్లేదు. ఎర్రర్ కూడా రావట్లేదు.

జవాబు: యాప్ ఫార్ములాలో సెర్చ్ ఫంక్షన్ వాడారేమో చూడండి. షేర్‌పాయింట్ ఆ పని తన దగ్గర చేయదు, యాప్ మొదటి 500 వరసలు తెచ్చుకుని వాటిలోనే వెతుకుతుంది. సెట్టింగ్స్‌లో 2,000 దాకా పెంచొచ్చు, అంతకు మించి కుదరదు. దాని బదులు ఫిల్టర్ ఫంక్షన్ లోపల స్టార్ట్స్‌విత్ (కొట్టిన అక్షరాలతో మొదలయ్యేవి వెతికేది) పెడితే వెతికే పని షేర్‌పాయింటే చేస్తుంది, లిస్ట్ ఎంత పెద్దదైనా లాట్ దొరుకుతుంది. లిస్ట్ 5,000 వరసలు దాటకముందే లాట్ నంబర్ కాలమ్‌కి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) పెట్టేయండి. ఎడిటర్‌లో ఫార్ములా పక్కన పసుపు త్రికోణం కనబడితే మూసేయకుండా చదవండి, అది చెప్పేది ఇదే.