జిగురు రాసుకోవడం తప్పే, కానీ ఆ కొత్త బంతి ఒకసారి పట్టుకుని చూడండి

"బేస్‌బాల్‌లో పిచర్ (బంతి విసిరేవాడు) చేతులు, టోపీ, బెల్టు అంపైర్లు ఎందుకు తడిమి చూస్తారు? బంతి పట్టుకోవడానికి కాస్త జిగురు రాసుకుంటే అంత నేరమా?" అని అడిగారు. నేరమే. కాకపోతే అందులో సగం ఆ బంతిది.

డాలస్ దగ్గర మా అబ్బాయి ఆడే పిల్లల టీముకి రెండేళ్లు అసిస్టెంట్ కోచ్‌గా చేశాను. ఆట వచ్చని కాదు. మిగతా నాన్నలంతా ఫోన్లు చూసుకుంటూ కార్లలో కూర్చుంటే, నేను అమాయకంగా కారు దిగాను, అంతే. మార్చిలో ఒక శనివారం పొద్దున, చలిగాలి. పిల్లలకి బ్యాటింగ్ ప్రాక్టీసుకి బంతులు వేయమన్నారు. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు బౌలింగ్ చేసినవాణ్ణి, ఇదెంత పని అనుకున్నాను. పెట్టెలోంచి తీసిన కొత్త బంతి, ఎండిపోయిన నా వేళ్లకి తడి సబ్బుబిళ్లలా తగిలింది. మూడోది జారి నేరుగా మా వాడి భుజం మీద పడింది. వాడు ఏడవలేదు. "నాన్నా, నువ్వు వెయ్యకు" అన్నాడు. దానికంటే ఏడ్చినా బాగుండేది.

కోచ్ పెద్దాయన నవ్వి, నా ముంజేతి మీద సన్‌స్క్రీన్ కాస్త పిండి, దానిమీద రోజిన్ సంచి రెండుసార్లు అద్దాడు. రోజిన్ అంటే పైన్ చెట్టు బంకతో చేసే పొడి. రెండు వేళ్లు అక్కడ రాసుకుని బంతి పట్టుకోమన్నాడు. నూనె రాసుకోకుండా పనసతొనలు ఒలిస్తే వేళ్లు ఎలా అంటుకుంటాయో, అచ్చం అలాగే. ఆ తర్వాత ఒక్క బంతీ జారలేదు. ప్రాక్టీసు కాబట్టి సరే, మ్యాచ్‌లో మాత్రం వద్దని ఆయనే చెప్పాడు.

అక్కడితో ఆగితే గొడవే లేదు. పెద్ద లీగు (మేజర్ లీగ్)లో పిచర్లు స్పైడర్ ట్యాక్ దాకా వెళ్లారు. అది బలప్రదర్శన పోటీల్లో గుండ్రాళ్లు ఎత్తేవాళ్ల కోసం చేసిన బంక! దాంతో బంతికి తిప్పుడు పెరుగుతుంది, రావలసినంత కిందికి దిగదు, బ్యాటర్ దాని కింద గాలిని కొడతాడు. అందుకే 2021 జూన్ 21 నుంచి సోదాలు మొదలుపెట్టారు. దొరికితే బయటికి, ఆపైన 10 మ్యాచ్‌ల నిషేధం. మర్నాడే డాలస్ పక్కనున్న మా ఆర్లింగ్టన్‌లో ఓక్లండ్ పిచర్ సెర్జియో రోమో, సోదాకి ఆపితే టోపీ, గ్లోవ్ కింద పడేసి, బెల్టు విప్పి ప్యాంటే కిందికి దించాడు. ఇంటికి ఇంత దగ్గర్లో జరిగినా టీవీలోనే చూశాను. అక్కడ పార్కింగ్‌కి ఇచ్చే డబ్బుతో ఇంటిల్లిపాదికీ బిర్యానీ వస్తుంది మరి.

నాకు మండేది ఇక్కడ. ఎంత జిగురైతే తప్పు? కొలిచేది అంపైర్ వేళ్లే. 2023లో పిచర్ మ్యాక్స్ షెర్జర్ "చెమట, రోజిన్ తప్ప ఏమీ లేదు" అని మొత్తుకున్నా 10 మ్యాచ్‌లు పడ్డాయి. ఆ రోజిన్ సంచి పిచర్ వెనకాల నేలమీద పెట్టేది లీగు వాళ్లే! విస్తరేసి వడ్డించి, ఎందుకు తిన్నావని తన్నినట్టుంది. ఇంకోవైపు పాతకాలం పిచర్ గేలార్డ్ పెర్రీ. బంతికి ఉమ్మి పూయడం 1920లోనే నిషేధించినా, ఆయన ఉమ్మి, వాజిలీన్ పూసి, దాని గురించి పుస్తకం కూడా రాసుకుని, 1991లో బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. ఆ పనికి ఆయన్ని మైదానంలోంచి పంపింది ఒక్కసారే, 1982లో.

మన క్రికెట్ వాళ్లు దీనికి ముక్కు మీద వేలేసుకోనక్కర్లేదు. తలకి రాసుకున్న కొబ్బరినూనె వేలితో తీసి బంతికి పులిమినవాణ్ణి నేనే. అదీ రూలు ప్రకారం తప్పే, మా కాలేజీ అంపైర్‌కి తెలీదు కాబట్టి నడిచింది.

జపాన్ లీగులో బంతి తోలుకే కాస్త పట్టుంటుంది. అక్కణ్ణించి అమెరికా వచ్చిన పిచర్లు ఇక్కడి బంతి జారుతోందని గోల పెడుతూనే ఉంటారు. ఇక్కడేమో ఇప్పటికీ ప్రతి మ్యాచ్ ముందూ ఒకరు కూర్చుని, న్యూజెర్సీలో డెలావేర్ నది పాయ ఒడ్డున తవ్వితెచ్చిన బురదని కొత్త బంతులకి ఒక్కొక్కదానికీ చేత్తో రుద్దుతారు, నునుపు పోవడానికి. అంటే బంతి జారుతుందని వీళ్లకీ తెలుసు. ఆ బురద ఎక్కడ తవ్వుతారో మాత్రం ఎవరికీ చెప్పరు.