ధ్యానంతో ఊపిరితిత్తుల కెపాసిటీ పెరుగుతుందా? నా పద్నాలుగేళ్ల అనుభవం

మీరు రెండు అడిగారు. ఏళ్ల తరబడి ధ్యానం చేస్తే ఊపిరితిత్తుల కెపాసిటీ పెరుగుతుందా, ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ మానేయొచ్చా అని. రెండోదానికి జవాబు ముందే చెప్తాను: మానకండి. నేను మానేసి చూశాను.

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. మృగశిర కార్తె వస్తే చాలు, అమ్మ నన్ను చేప మందు లైన్లో నిలబెట్టేది. బతికున్న కొర్రమీను పిల్ల గొంతులోంచి జారడం ఎవరూ మర్చిపోలేరు. 2011లో వనస్థలిపురం వైపు, నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న ధమ్మ ఖేత్త ధ్యాన కేంద్రంలో పది రోజుల విపశ్యన కోర్సు చేశాను. మొదటి మూడు రోజులూ ఆనాపానే. అంటే ముక్కు దగ్గర వచ్చే పోయే ఊపిరిని గమనించడం, అంతే. దాన్ని సాగదీయకూడదు, బిగబట్టకూడదు. చాలామంది దీన్ని ప్రాణాయామంతో కలిపేస్తారు. ప్రాణాయామంలో ఊపిరిని మనం నడుపుతాం, ఇందులో దాని మానాన దాన్ని వదిలేసి చూస్తాం. అప్పటి నుంచి రోజూ పొద్దున ఒక గంట కూర్చుంటున్నాను. సాయంత్రం కూర్చోవడం ఆఫీసు దయ.

బాగా మారింది ఊపిరి వేగం. మొదట్లో నిమిషానికి 17, 18 సార్లు తీసుకునేవాణ్ని. ఇప్పుడు ఊరికే కూర్చున్నప్పుడు 11, 12. మనమే లెక్కపెట్టుకుంటే ఊపిరి తీరు మారిపోతుంది కాబట్టి, నేను పేపర్ చదువుతుంటే మా ఆవిడ చాటుగా లెక్కపెట్టింది. పెద్దవాళ్లకు మామూలుగా 12 నుంచి 20 దాకా ఉంటుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ల 2016 అధ్యయనంలోనూ ఏళ్లుగా ధ్యానం చేస్తున్నవాళ్లు, చెయ్యనివాళ్ల కంటే నెమ్మదిగా ఊపిరి తీసుకుంటున్నట్టు తేలింది.

వేగం తగ్గితే గాలి చాలదేమో అని నాకూ అనుమానం వచ్చింది. ఈ లెక్క చూడండి. ఒక్కో ఊపిరికి సుమారు 500 మిల్లీలీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. అందులో 150 దాకా ఊపిరి గొట్టాల్లోనే ఉండిపోతుంది, రక్తానికి అందదు. నిమిషానికి 15 సార్లు తీసుకుంటే పనికొచ్చేది 5,250. అదే నిమిషానికి 6 సార్లు, లీటరు చొప్పున తీసుకుంటే 5,100. దాదాపు అంతే. లోపలికి బయటికి తిప్పే గాలి మాత్రం ఏడున్నర లీటర్ల నుంచి ఆరుకు తగ్గుతుంది. అంటే తక్కువ శ్రమతో అదే పని జరుగుతోంది, కొత్తగా కెపాసిటీ ఏమీ పుట్టలేదు.

అది పీఎఫ్‌టీలో, అంటే ఊపిరితిత్తుల పనితీరు పరీక్షలో తెలిసిపోతుంది. టెక్నీషియన్ "ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా" అని అరుస్తుంటే కళ్లు తిరిగేదాకా ఊదే పరీక్ష అది. మొదటి సెకనులో ఊదే గాలి నాకు 2011లో 2.7 లీటర్లు, పోయినేడాది 2.35. పొగ తాగనివాళ్లకు కూడా వయసుతో ఏడాదికి 25, 30 మిల్లీలీటర్లు తగ్గడం మామూలే. నాకూ అంతే తగ్గింది. ధ్యానం ఆ లెక్క జోలికి పోలేదు.

ఇక నా తెలివితక్కువ పని. 2014లో ఒంట్లో హాయిగా ఉందని రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మూడు నెలలు పక్కన పెట్టాను. ఎవరూ చెప్పలేదు, నా సొంత పైత్యం. ఆ మందు గొట్టాల్లో వాపును అదుపులో పెడుతుంది. మానేస్తే వాపు చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది, మనకేమో బాగానే ఉన్నట్టుంటుంది. దీపావళి రాత్రి గల్లీ నిండా పొగ, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. నేనేం చేశానంటే, కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తూ కూర్చున్నాను! నలభై నిమిషాలు. టెన్షన్ లేదు కాబట్టి పరిస్థితి ఎంత ముదిరిందో తెలియలేదు. మాట సగంలో ఆగిపోతుంటే మా ఆవిడే ఆటో పిలిచింది. రెండుసార్లు నెబ్యులైజేషన్ పెట్టాక డాక్టర్ గారు విషయం విని, "గమనించండి, కాదనను. ముందు రెండు పఫ్‌లు తీసుకుని గమనించండి" అన్నారు.

మరి ఇన్నేళ్లు కూర్చుని ఏం లాభం అంటారా? భయం తగ్గింది. ఆయాసం వచ్చినప్పుడు కంగారుపడితే గబగబా పీలుస్తాం. గొట్టాలు ఇరుకైనప్పుడు లోపలి గాలి పూర్తిగా బయటికి పోవడానికి టైమ్ చాలదు, పాతగాలి లోపలే చిక్కుకుని ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు పఫ్ తీసుకున్నాక కొంచెం ముందుకు వంగి, నిదానంగా వదలగలుగుతున్నాను. మెట్రో స్టేషన్ మెట్ల మీద కూడా ఆ తేడా తెలుస్తోంది.

మీరు మొదలుపెట్టే ముందు ఒకసారి పీఎఫ్‌టీ చేయించుకోండి. మందు డోసు తగ్గించాలా వద్దా అన్నది ఆ అంకెలు చూసి డాక్టరే చెప్పాలి. ఇంట్లోకి ఒక పీక్ ఫ్లో మీటర్, అంటే ఎంత జోరుగా ఊదగలమో చూపించే చిన్న సాధనం, కొనుక్కోండి, ఖరీదేమీ ఎక్కువ కాదు. నేను రోజూ కూర్చునే ముందు దాంట్లో ఊది నోట్‌బుక్‌లో రాస్తాను. నా బెస్ట్ 400. అందులో 80 శాతం, అంటే 320 కంటే కిందికి పడిన రోజు ముందు డాక్టర్‌కి ఫోన్, ఆ తర్వాతే ఆసనం.