హాఫ్ పిలిచాక రావద్దు

చిరంజీవి అమ్మలూ,

నీ ఈమెయిలు అందింది. లండన్‌లో నాటకాల డైరెక్షన్ కోర్సులో నీకు సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లోనే ఎంత గట్టిగా అరిచానంటే, పక్కింటావిడ వచ్చి ఏమైందని తలుపు కొట్టింది. సంతోషం సంగతి అలా ఉంచు. నువ్వు పంపిన లిస్టు చూశాను. తొమ్మిదిమంది ఆడవాళ్ల పేర్లు, కింద "పిన్నీ, వీళ్లలో ఎవరెవర్ని పరిచయం చేయగలవు?" అని ప్రశ్న. ఒక్కర్ని కూడా చేయలేను తల్లీ. నేను ఇరవై ఆరేళ్లు ఇక్కడి థియేటర్లలో డ్రెస్సర్‌గా పనిచేసినదాన్ని. నటీమణుల వీపు మీద హుక్కులు పెట్టడం నా ఉద్యోగం. కానీ వింగ్‌లో, అంటే స్టేజీ పక్క చీకట్లో నిలబడే మనిషికి ఎవరి మాట చెల్లుతోందో, ఎవరిది ఉత్త హడావిడో బాగా తెలుస్తుంది. ఆ తెలిసిందే రాస్తున్నాను.

నీ లిస్టులో మొదటి పేరు ఇందు రుబసింగం. న్యాయమే. 1963లో మొదలైన ఇక్కడి నేషనల్ థియేటర్ 2025లో ఈవిడ వచ్చేదాకా ఒక ఆడమనిషి చేతికి రాలేదు. అంతకుముందు నడిపిన ఆరుగురూ మగవాళ్లే. (బ్రిటిష్ వాళ్లు ఈ విషయాల్లో మనకంటే ముందున్నారని రాశావు చూడు, అక్కడ నాకు నవ్వొచ్చింది. మగవాళ్లే చీర కట్టి సత్యభామలైన రోజుల్లో మన సురభి కుటుంబాల్లో ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. మా అమ్మ చెప్పేది.) ఇందు వాళ్లది శ్రీలంక తమిళ కుటుంబం. నువ్వు ఆ వార్త చదివి "మనలాంటి ఆవిడ" అని మురిసిపోయావు. నేనూ మురిసిపోయాను. అయితే దానికి ముందు ఆమె 2012 నుంచి ఏళ్ల తరబడి కిల్బర్న్‌లో ట్రైసికిల్ అనే చిన్న థియేటర్ నడిపింది. ఆ భవనాన్ని బాగుచేయించింది, 2018లో కిల్న్ అని పేరు మార్చింది. పేరెందుకు మార్చావని పాత ప్రేక్షకులు ప్లకార్డులు పట్టుకుని బయట నిలబడ్డారు. కప్పు, సీట్లు, విరాళాలు, కోపాలు అన్నీ చూసుకుంటూనే నాటకాలు వేసింది. నేషనల్ వాళ్లు ఆమెలో మంచి డైరెక్టర్ని మాత్రమే చూసి ఉండరని నా నమ్మకం. ఒక ఇల్లు నడపగల మనిషిని కూడా చూసి ఉంటారు.

ఈ ఇల్లు నడపడం అన్న మాట పట్టుకో. నీ లిస్టులో లేని పేరొకటి చెప్తాను, లిలియన్ బేలిస్. వాటర్లూ దగ్గర ఓల్డ్ విక్ ఉంది కదా, దాన్ని 1880లో ఎమ్మా కాన్స్ అనే ఆవిడ చేతిలోకి తీసుకుంది. పేదవాళ్లకు మందు లేకుండా కాఫీతో వినోదం ఇవ్వాలని ఆవిడ పట్టుదల. నేను నీకేమవుతానో ఆవిడ లిలియన్‌కి అదే, తల్లి తోబుట్టువు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన లిలియన్ ఆవిడకి సాయంగా చేరింది, 1912లో ఆవిడ పోయాక మొత్తం నెత్తినేసుకుంది. లిలియన్ నటి కాదు, డైరెక్టర్ కాదు, మేనేజర్. స్టేజీ పక్కనే గ్యాస్ పొయ్యి పెట్టి సాసేజ్‌లు వేయించేదని, షేక్‌స్పియర్ నడుస్తుండగా ఆ వాసన హాల్లోకి వచ్చేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. మంచి నటుణ్ణి పంపు దేవుడా, కానీ చవగ్గా, అని మోకాళ్ల మీద ప్రార్థించేదట. పీనాసి అని నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ. 1914 నుంచి 1923 లోపు షేక్‌స్పియర్ తొలి సంపుటంలోని నాటకాలన్నీ ఆ స్టేజీ మీద వేయించింది. మొదటి ప్రపంచ యుద్ధానికి మగ నటులు వెళ్లిపోతే సిబిల్ థార్న్‌డైక్ అనే నటి షేక్‌స్పియర్ యువరాజు ప్రిన్స్ హాల్ వేషం కట్టింది. ఇవాళ్టి రాయల్ బాలే, ఇంగ్లిష్ నేషనల్ ఒపెరా రెండింటి మూలమూ బేలిస్ కంపెనీల్లోనే ఉంది. నేషనల్ థియేటర్ కూడా మొదటి పన్నెండేళ్లు ఓల్డ్ విక్‌లోనే తలదాచుకుంది. పొయ్యి దగ్గర నిలబడ్డ మేనేజరమ్మ సంసారం ఇది.

ఇక నువ్వు రాసిన ఆ వాక్యం: "బ్యాక్‌స్టేజ్ పనిలో పడితే అక్కడే ఉండిపోతానేమో, నేను నేరుగా డైరెక్షనే చేస్తాను." నీ భయం అర్థమైంది. అయినా ముందు అక్కడే కూర్చోమంటాను.

ఒకసారి ఊరూరా తిరిగే కంపెనీలో కారిల్ చర్చిల్ అనే రచయిత్రి నాటకం 'టాప్ గర్ల్స్'కి పనిచేశాను. 1982 నాటిది. పదహారు పాత్రలు, ఏడుగురు నటులు చాలు, అందరూ ఆడవాళ్లే. మొదటి దృశ్యంలో చరిత్రలోంచి, బొమ్మల్లోంచి, కథల్లోంచి వచ్చిన ఆడవాళ్లు ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేస్తుంటారు. అవతలి మనిషి ఎక్కడ అందుకోవాలో చర్చిల్ స్క్రిప్టులో చిన్న గీత పెట్టి చూపించింది. మన పెళ్లిళ్లలో మీ అమ్మా నేనూ మీ మేనత్తలూ మాట్లాడుకున్నట్టే ఉంటుంది, కాకపోతే అక్కడ ప్రతి అడ్డుమాటకీ లెక్కుంది. ఆ బల్ల దగ్గర పాత జపాను పట్టుబట్టల్లో కూర్చున్న నటి కాసేపటికి ఆఫీసు స్కర్టులో రావాలి. నేను నోట్లో చిన్న టార్చి కరుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని, ఆమె నడికట్టు ముడి విప్పాలి. లైట్లు, సౌండు, బట్టలు అన్నీ కలిపి సరిచూసుకునే టెక్ రిహార్సల్ రోజున ఆ ముడి బిగుసుకుపోయింది. నా వేళ్లకు చెమట. హాల్లోంచి డైరెక్టర్ ఏమైందని అరుస్తున్నాడు. అప్పుడు స్టేజీ పక్కన ప్రాంప్ట్ కార్నర్లో కూర్చున్న డీఎస్ఎం (డిప్యూటీ స్టేజ్ మేనేజర్), నిండా పాతికేళ్లు లేని పిల్ల, హెడ్‌సెట్‌లో నెమ్మదిగా "ఆపుతున్నాం, అందరూ ఉన్నచోటే ఉండండి" అంది. లైట్లు, సౌండు, నటులు, డైరెక్టర్ కూడా ఆగిపోయారు. ఆమె నా దగ్గరికొచ్చి ముడి చూసి, లోపల వెల్క్రో పెట్టి పైన ఉత్త ముడి కుడదాం అంది. కుట్టాను. మళ్లీ ఎప్పుడూ బిగుసుకోలేదు.

డైరెక్టర్ పని ప్రెస్ నైట్‌తో, అంటే విమర్శకులు వచ్చి చూసే రాత్రితో, దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత రోజూ నాటకాన్ని బతికించేది పుస్తకం ముందు పెట్టుకుని క్యూలు, అంటే ఏ లైటు, ఏ సౌండు ఎప్పుడో, పిలిచే ఆ పిల్ల. అందుకే మొదటి టర్ములో మీ కాలేజీ నాటకం దేనికైనా ఆ కుర్చీ అడిగి తీసుకో. నువ్వు చెప్పే "ఇంకొంచెం నెమ్మదిగా" అన్న మాట ఆ కుర్చీలో ఎన్ని క్యూలుగా మారుతుందో తెలిశాక నీ డైరెక్షనే వేరేగా ఉంటుంది.

టైము ఇప్పుడే నేర్చుకో. హాఫ్ అంటే నటులకిచ్చే అరగంట పిలుపు. ఏడున్నర షోకి అది ఏడు గంటలకు అనుకుంటావు. కాదు. తెర లేవడానికి ఐదు నిమిషాల ముందు బిగినర్స్‌ని, అంటే మొదట స్టేజీ ఎక్కేవాళ్లను, పిలుస్తారు, లెక్కంతా అక్కణ్నుంచి వెనక్కి. కాబట్టి హాఫ్ 6:55కి, క్వార్టర్ 7:10కి, ఫైవ్ 7:20కి. హాఫ్ పిలిచేటప్పటికి స్టేజ్ డోర్ లోపల లేకపోతే నువ్వు ఆలస్యంగా వచ్చినట్టే. ట్రెయిన్ ఆగిపోయిందంటే ఒకసారి వింటారు.

జోన్ లిటిల్‌వుడ్ అనే డైరెక్టర్ గురించి చదివి తీరాలి. 1953లో ఆమె బృందం తూర్పు లండన్ స్ట్రాట్‌ఫర్డ్‌లో పాడుబడ్డ థియేటర్‌లో దిగింది. వాళ్లే ఊడ్చుకున్నారు, వాళ్లే రంగులేసుకున్నారు, గదులకు డబ్బుల్లేక మేకప్ గదుల్లోనే పడుకున్నారు. షెలా డిలేనీ అని సాల్‌ఫర్డ్ పిల్ల, పంతొమ్మిదేళ్లది, స్క్రిప్టు పంపితే 1958లో అక్కడే వేశారు. ఆ రోజుల్లో ప్రతి మాటా ముందుగా ప్రభుత్వ సెన్సారుకి చూపించాలి, నటులు స్టేజీ మీద అప్పటికప్పుడు మాటలు కల్పించినందుకు లిటిల్‌వుడ్ బృందం కోర్టు బోనెక్కి జరిమానా కట్టింది. గొప్ప మనిషే. కానీ మేకప్ గదిలో పడుకోవడాన్ని మాత్రం ఆదర్శంగా తీసుకోకు. ఆ కథలు చెప్పి నీచేత ఊరికే పనిచేయించుకునేవాళ్లు ఈ ఊళ్లో బోలెడుమంది. నేను వచ్చిన కొత్తలో ఒక చిన్న కంపెనీ మూడు వారాలు నాతో బట్టలు ఉతికించి, ఇస్త్రీ చేయించి, చివర్లో "అనుభవం వచ్చింది కదా" అంది. అనుభవంతో బస్సు ఎక్కనివ్వరు. పని మొదలుపెట్టే ముందే డబ్బు సంగతి రాతపూర్వకంగా అడుగు. సిగ్గుపడకు.

ఇంకోటి, ఇది జాగ్రత్తగా చదువు. నీది స్టూడెంట్ వీసా. దాని మీద ఫ్రీలాన్స్ పనులు చేయకూడదు, ఇక్కడ థియేటర్లో సగం పనులు అవే. టర్ము నడిచేటప్పుడు వారానికి ఇన్ని గంటలే అని కూడా ఉంటుంది. ఎవరైనా "ఏం కాదులే, ఇన్‌వాయిస్ పంపు" అంటే, ముందు కాలేజీ వీసా ఆఫీసుకి వెళ్లి అడుగు.

పెద్దవాళ్లకు ఉత్తరాలు రాయి, రాయొద్దనను. "నాకు థియేటర్ అంటే ప్రాణం" అని మాత్రం రాయకు, అందరికీ ప్రాణమే. ఆ మనిషి చేసినవి రెండు మూడు చూసి, చూసినవాళ్లు మాత్రమే అడగగల ప్రశ్న ఒక్కటి అడుగు. ప్రోగ్రామ్ కొన్నప్పుడు చివరి పేజీలు కూడా చదువు. 'వార్ హార్స్' నాటకం అంటే అందరికీ గుర్రపు బొమ్మలు గుర్తొస్తాయి. టామ్ మోరిస్‌తో కలిసి డైరెక్ట్ చేసింది మరియాన్ ఎలియట్, సెట్టూ బట్టలూ రే స్మిత్, లైట్లు పాల్ కాన్‌స్టబుల్. ఈ చివరి ముగ్గురూ ఆడవాళ్లే. నీ తొమ్మిది పేర్లలో లైట్లు వేసే ఆవిడ ఒక్కరూ లేరు, గమనించావా? గుర్రం చీకట్లోంచి వస్తోందంటే ఆ చీకటిని ఒకరు కొలిచి పెట్టారన్నమాట.

సామానులో నల్ల కాటన్ ప్యాంట్లు, నల్ల చొక్కాలు రెండేసి, చప్పుడు చేయని నల్ల బూట్లు పెట్టుకో. పిన్నీసులు పెద్ద ప్యాకెట్ తీసుకురా, నాకు కూడా. బుధవారం దిగే టికెట్ మాత్రం కొనకు. ఇప్పటికీ ఎవరైనా సెలవు పెడితే నన్ను పిలుస్తున్నారు, ఆ రోజు రెండు షోలు. గురువారం పొద్దున్న దిగితే ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను.

ప్రేమతో,
మీ పిన్ని