ఆరికలు వేస్తున్న లక్ష్మికి

అమ్మా లక్ష్మీ,

ఉద్యోగం మానేసి మన మెట్ట చేలో ఆరికలు వేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడికి ఒకటే టెన్షన్. నాకు మాత్రం ముందు గర్వంగానే అనిపించింది, రాత్రి పడుకున్నాక భయం పట్టుకుంది.

విత్తడం, కలుపు తీయడం ఊళ్లో ఎవరైనా చెప్తారు. తొలకరి దాటనీయకు, అంతే. నా భయమల్లా కోత మీద. కొర్రలు మూడు నెలల్లో ఇంటికొస్తాయి. ఆరిక నాలుగు నెలలు దాటినా చేలోనే ఉంటుంది. సరిగ్గా కోతకొచ్చేసరికి ముసురు పట్టుకుంటుంది.

మీ జేజినాయన సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. ఒక ఏడు కోసిన పంట చేలోనే తడిసింది. ఆరబెట్టమని మీ జేజి మొత్తుకున్నా వినకుండా కుప్ప వేయించాడు. తర్వాత కుప్పలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. అయినా నూర్పించి, కొత్త ఆరికల అన్నం తినాలని ఆ వారమే తిరగలి తిప్పించాడు. చూడ్డానికి గింజ బాగానే ఉంది మరి. తిన్న కాసేపటికే ఆయనకు కళ్లు తిరిగి చేతులు వణికాయి. మీ నాన్నకు ఒకటే వాంతులు, రాత్రంతా నా ఒళ్లోనే పడుకున్నాడు. తవుడు తిన్న ఎద్దు కొట్టంలో కూలబడింది. దిష్టి అనుకుని ఎండుమిరపకాయలు దిగదుడిచారు! అది బూజు చేసిన పని. షుగరు వచ్చి ఆరికలు తినమని అందరూ చెప్తున్నా మీ నాన్న ఎందుకు ముట్టడో ఇప్పుడు తెలిసిందా?

2024 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో పది ఏనుగులు చచ్చిపోయింది బూజు పట్టిన ఆరికల చేను మేసే. సైక్లోపియజోనిక్ ఆమ్లమనే విషం వాటి కడుపుల్లో దొరికింది.

టార్పాలిన్లు ముందే కొనిపెట్టుకో. తడిసిన వెన్నులు పొడివాటితో కలపకు. గింజ కొరికితే టప్పున విరగాలి. తేమ మీటరుంటే ఇంకా మంచిది, 12 శాతం దాటితే బస్తాకెత్తకు. బూజు వాసన వస్తే పారెయ్యి, పశువులకూ పెట్టకు. కడిగాం, ఉడికించాం కదా అని నమ్మకు.

ఆన్‌లైన్‌లో అప్పుడే ఆర్డర్లు తీసుకున్నావట! ఎవరు చెప్పారే నీకు? తేదీ చెప్పేశాక తడిసిన సరుకైనా పంపాలనిపిస్తుంది. కొనేవాళ్లలో మీ నాన్నలాంటి షుగరు మనుషులే ఎక్కువ. ఆ డబ్బులు తిరిగిచ్చెయ్యి. ఖర్చయిపోయి ఉంటే నన్నడుగు, మీ నాన్నకు తెలియనక్కర్లేదు.

కోతకు నేనూ వస్తాను. మోకాళ్లు పనిచేయకపోయినా, మబ్బు పడితే కళ్లంలో కూర్చుని కేకలు పెట్టగలను.

మీ పెదనాన్న